ఇంటివారిచేతనే వ్రాయించుకొను శత్రువు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున జరిగిన విజ్ఞానోపన్యాస పాఠము)



అమెరికా దేశమున మిసిసిపీ రాష్ట్రములో 2010వ సంవత్సరమున ఒక శిశువు జన్మించెను. తల్లి రక్తములో హెచ్.ఐ.వి. ఉన్నట్లు ప్రసవ సమయముననే తెలిసినది. బిడ్డ పుట్టిన 30 గంటలకే వైద్యులు మందులు ప్రారంభించిరి. ఇంచుమించు 18 నెలలు ఆ మందులు సాగినవి. పిమ్మట బిడ్డను వైద్యాలయమునకు తీసికొనివచ్చుట ఆగిపోయినది, మందులును ఆగిపోయినవి. కొన్ని నెలలకు బిడ్డ మరల వైద్యుల కంటబడినప్పుడు రక్తమును పరీక్షింపగా వైరస్ కనబడలేదు. 2013 మార్చిలో ఈ వార్త ప్రకటింపబడినది. వ్యాధి సమూలముగా పోయినదని లోకము సంతోషించినది. కాని 2014 జూలైలో మరియొక వార్త వెలువడినది. మందులు మానిన 27 నెలలకు ఆ బిడ్డ రక్తములో వైరస్ తిరిగి కనబడెను. అదియును ఒకటి రెండు కాదు, ఒక్క మిల్లీలీటరు రక్తమునకు 16 వేలకు పైబడిన సంఖ్యలో.

ఈ 27 నెలలు ఆ వైరస్ ఎచ్చట దాగియుండెను? అది ఏమియు తినలేదు, సంతానమును కనలేదు, ఐనను నశింపలేదు. ఈ ప్రశ్నకు సమాధానము వైరసును ఎంత శోధించినను దొరకదు. అది మనుష్యుని జీవకణములోనే కలదు. వైరసును మేల్కొలుపువారును, నిద్రపుచ్చువారును ఆ కణమునకు చెందిన మాంసకృత్తులే. నేటి ప్రసంగమునకు విషయమిదియే.

గ్రంథాలయములో కూర్చున్నవారికి ఈ సంగతి బోధపడుట కష్టము కాదు. బీరువాలోని పుస్తకము తనంత తాను మాటలాడదు. చదువరి వచ్చి, తాళము తీయించి, పుట విప్పినప్పుడే అందలి మాటకు ప్రాణము. శరీరములోని జీవకణములలో, ఎర్ర రక్తకణముల వంటివి కొన్ని తప్ప, ప్రతిదానియందును అట్టి గ్రంథమొకటి కలదు. దానికి డి.ఎన్.ఏ. అని పేరు. మనుష్యుని గ్రంథములో సుమారు 300 కోట్ల అక్షరములు, మాంసకృత్తులను తయారుచేయు విధము తెలుపు పాఠములు సుమారు 20 వేలు కలవు. ఒక్కొక్క పాఠమునకు జన్యువని పేరు. మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, పప్పులోను గ్రుడ్డులోను ఉండునని అందరెరుగుదురు. కాని కణములో అవి ఆహారము మాత్రమే కావు, పనివాండ్రు. తాళము తీయువాడు, పుట విప్పువాడు, నకలు వ్రాయువాడు, కావలివాడు, అందరును మాంసకృత్తులే. మూలగ్రంథము కణమధ్యమున కేంద్రకమను గదిలో భద్రముగా ఉండును. అది గది దాటి బయటకు రాదు. లేఖకుడు కావలసిన పాఠమునకు నకలు వ్రాయును. ఆ నకలుకు ఆర్.ఎన్.ఏ. అని పేరు. నకలు బయటకు పోయి, దానిని బట్టి మాంసకృత్తులు తయారగును. ఏ పాఠమును ఎప్పుడు, ఎన్ని నకళ్లు తీయవలెనో నిర్ణయించుటయే కణజీవితములోని రహస్యమంతయు. కంటికణమునకును కాలేయకణమునకును గ్రంథమొకటియే. చదువబడు పాఠములు వేరు.

ఇక హెచ్.ఐ.వి. సంగతి. 1981లో అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి మొదట గుర్తింపబడినది. 1983లో పారిస్ నగరమునందలి పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లూక్ మాంటాన్యే అనువారు దానికి మూలమైన వైరసును వేరుచేసి చూపిరి. 2008లో వారిని నోబెల్ బహుమానము వరించినది. మన దేశమున 1986లో మద్రాసులో సునీతి సాలమన్, సెల్లప్పన్ నిర్మల అను విదుషీమణులు తొలిసారి దాని జాడ కనుగొనిరి. నాటినుండి నేటివరకు ప్రపంచమున 4 కోట్లకు పైగా మనుష్యులు ఈ వ్యాధికి బలియైరి.

ఇంతటి విధ్వంసము చేసిన వైరసు గ్రంథమెంతటిదని విచారింపగా ఆశ్చర్యము కలుగును. దాని అక్షరములు మొత్తము 10 వేలకు లోపు, జన్యువులు 9. మనుష్యుని మహాగ్రంథము ముందు అది కరపత్రము పాటి కూడ కాదు. అందులో నకలు తీయు లేఖకుడు లేడు, మాంసకృత్తులు చేయు కర్మాగారము లేదు. దేహరక్షణ సైన్యమునకు సేనాపతుల వంటివైన సి.డి.4 టి-కణములు అను తెల్ల రక్తకణములలో అది ప్రవేశించును. వెంట తెచ్చుకొన్న పనిముట్లు రెండు ముఖ్యమైనవి. ఒకటి దాని ఆర్.ఎన్.ఏ. వ్రాతను డి.ఎన్.ఏ. వ్రాతగా మార్చును. రెండవది ఆ వ్రాతను కణము యొక్క గ్రంథములో పుటల నడుమ చేర్చి కుట్టివేయును. అంతటితో దాని సొంత సామర్థ్యము ఇంచుమించు ముగిసినది. ఆపైన పని అంతయు ఇంటివారిది.

కుట్టు ఎచ్చట పడవలెనో చూపుట కూడ ఇంటివారి పనియే యగుట విచిత్రము. లెడ్జ్‌ఎఫ్ అను మాంసకృత్తి యొకటి కణములో కలదు. కణము తరచుగా చదువుకొను పాఠములవద్ద కాచుకొనియుండుట దాని స్వభావము. వైరసు కుట్టుపనిముట్టు దీనిని పట్టుకొని ఆ పుటలవద్దకే చేరుచున్నది. ఈ జత సంగతి 2003లో బెల్జియము దేశమునందలి లువెన్ నగరములో కనుగొనబడినది. ఎవరును చూడని మూల బీరువాలో చేరిన కాగితమును చదువువారుండరు. నిత్యము విప్పు పుస్తకములో చేరినచో చదువువారు తప్పక దొరకుదురు. కంచెయే చేను మేసిన తీరు ఇది.

కుట్టబడిన వైరసు వ్రాతకు మొదట ద్వారమువంటి భాగమొకటి కలదు. అచ్చట కణపు మాంసకృత్తులు వచ్చి వ్రాలుటకు తావులు ఏర్పడియున్నవి. ఎస్.పి.1 అనుదానికి 3 తావులు. రాబర్ట్ జియాన్ పరిశోధనశాలవారు 1986లోనే వీనిని గుర్తించిరి. ఎస్.పి.1 అన్ని కణములలోను ఎల్లవేళల ఉండునది కనుక అది చేయునది వాకిట దీపము పెట్టినంత పని. తలుపు తట్టువాడు వేరు. వాని పేరు ఎన్.ఎఫ్. కప్పా బి.

ఈ కప్పా బి చరిత్ర కొంత వివరముగా చెప్పదగినది. 1986లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అనువారు దీనిని కనుగొనిరి. వారు వెదకినది వైరసు సంగతి కాదు. దేహములో ప్రతిరక్షక పదార్థములు తయారగు విధమును వారు శోధించుచుండిరి. మరుసటి యేడు 1987లో గేరీ నేబెల్, బాల్టిమోర్ కలిసి, హెచ్.ఐ.వి.ని టి-కణములలో మేల్కొల్పునది కూడ ఇదియేయని చూపిరి. శాంతముగా ఉన్న కణములో ఇది కేంద్రకము వెలుపల, మరియొక మాంసకృత్తిచేత కట్టుబడి, ఊరక ఉండును. దేహములో ఏదేని రోగక్రిమి ప్రవేశించి కణమునకు హెచ్చరిక అందగానే ఆ కట్టు నాశనమగును. కప్పా బి కేంద్రకములోనికి పరుగిడి, యుద్ధమునకు వలసిన పాఠములను విప్పించును. వైరసు తన వాకిట సరిగా అట్టి తావులనే వ్రాసికొన్నది. కాబట్టి దేహము శత్రువుపైకి లేచినప్పుడెల్ల, ఆ భేరీనాదమునకే వైరసు కూడ మేల్కొనుచున్నది.

దీని ఫలము పుస్తకములకు పరిమితమైనది కాదు. క్షయక్రిమి దేహములో చేరినప్పుడు రక్షక కణములు వెలువరించు టి.ఎన్.ఎఫ్. అను ద్రవ్యము కప్పా బిని రేపును. అందువలన క్షయ సోకినచోట హెచ్.ఐ.వి. పెరుగును, హెచ్.ఐ.వి. పెరిగినచోట దేహబలము తగ్గి క్షయ విజృంభించును. ఈ రెండును ఒకదానికొకటి చేయూతనిచ్చుకొనుచు ఎన్ని కుటుంబములను కూల్చినవో తెలుగు జిల్లాలలోని వైద్యులెరుగుదురు.

మన దేశమునకు సంబంధించిన విశేషము మరియొకటి కలదు. పాశ్చాత్యదేశములలో ప్రబలిన బి-తెగ వైరసు వాకిట కప్పా బి తావులు సాధారణముగా 2. భారతదేశమునను దక్షిణాఫ్రికాలోను ప్రబలిన సి-తెగలో అవి 3. బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రమున ఉదయకుమార్ రంగా గారి బృందము, 4 తావులు గల రకములు భారతదేశమున తలయెత్తుచున్నవనియు, తావులు హెచ్చిన కొలది నకళ్లు హెచ్చుచున్నవనియు 2012లో ప్రకటించినది. వైరసు తలుపునకు గొళ్లెములు పెంచుకొనుటలేదు. తట్టువారికి పిడులు పెంచుకొనుచున్నదన్నమాట.

తలుపు తెరచుకొన్నది, లేఖకుడు వచ్చినాడు. ఇచ్చట కథ అనుకోని మలుపు తిరుగును. లేఖకుడు సుమారు 60 అక్షరములు వ్రాసి ఆగిపోవును. డి-సిఫ్, నెల్ఫ్ అను రెండు కణపు మాంసకృత్తులు అతని చేయి పట్టుకొనును. జపాను దేశమున హిరోషీ హాండా పరిశోధనశాలవారు 1998, 1999లలో వీనిని వెలికితీసిరి. ఇది వైరసు కొరకు ఏర్పడిన అడ్డంకి కాదు. కణము తన సొంత పాఠములను కూడ చాలవానిని ఇట్లే మొదటి పంక్తివద్ద నిలిపియుంచును. ముందుకు పొమ్మను ఆజ్ఞ ఇచ్చునది పి-టెఫ్-బి అను జంట. ఇందు సైక్లిన్ టి1 ఒకటి, సి.డి.కె.9 రెండవది. సి.డి.కె.9 ఫాస్ఫేటు ముద్ర వేయగానే పట్టు సడలి లేఖకుడు కడవరకు వ్రాసికొనిపోవును. ఈ జంటను డేవిడ్ ప్రైస్ అను శాస్త్రజ్ఞుడు అయొవా విశ్వవిద్యాలయములో తొలుత కనుగొన్నది పండ్లమీద వ్రాలు ఒక చిన్న యీగ కణములనుండి! ఎయిడ్స్ విషయము తెలియుటకు ఈగను శోధింపవలసి వచ్చునని ముందుగా ఎవరు చెప్పగలరు?

ఈ జంటను దొంగిలించుటకు వైరసు వద్ద టాట్ అను చిన్న మాంసకృత్తి కలదు. వ్రాయబడిన ఆ తొలి అక్షరములు తలపిన్నువలె మడతపడి నిలుచును. ఆ మడతకు టార్ అని పేరు. టాట్ ఒక చేతితో సైక్లిన్ టి1ను, మరియొక చేతితో టార్ మడతను పట్టుకొని, ఆజ్ఞ ఇచ్చు జంటను సరిగా ఆగిన లేఖకుని ప్రక్కకు తెచ్చును. కణమో, ఆ జంటలో పెద్దభాగమును హెక్సిమ్ అను మాంసకృత్తితోను 7ఎస్.కె. అను ఆర్.ఎన్.ఏ.తోను కట్టి అవసరమునకు దాచుకొనును. టాట్ ఆ నిలువనుండియే ఎత్తుకొనివచ్చును. ఒకసారి పని సాగినచో నకళ్లు పెరుగును, వానినుండి టాట్ పెరుగును, టాట్ వలన నకళ్లు ఇంకను పెరుగును. నిప్పురవ్వ గడ్డివామి నంటిన చందము.

టాట్ సొంత శక్తి యెంత, ఇంటివారి శక్తి యెంత అని తేల్చిన ప్రయోగము చాల అందమైనది. ఎలుక కణములలో టాట్ సరిగా పనిచేయదని చాలకాలముగా తెలియును, కారణము తెలియదు. 1998లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో కేథరిన్ జోన్స్ బృందమువారు సైక్లిన్ టి1ను గుర్తించిన పిమ్మట రహస్యము బయటపడినది. మనుష్యుని సైక్లిన్ టి1 అనునది 726 పూసల దండవంటిది. అందు 261వ పూస సిస్టీన్ అను ఆమ్లము. ఎలుక దండలో ఆ స్థానమున టైరోసీన్ అను వేరు పూస కలదు. దండ దాదాపు అదే దండ. ఆ యొక్క పూస మారుటచేత టాట్, టార్, సైక్లిన్ మూడును ఒకటిగా ముడిపడవు. ఎలుక దండలో ఆ పూసను మార్చి మనుష్యుని పూసను గ్రుచ్చగా టాట్ ఎలుక కణములో కూడ పనిచేసినది. వైరసు మారలేదు, టాట్ మారలేదు. ఇంటివారిలో ఒకని వేలిగోరు మారినది. మూషికమునకు ఈ వైరసు అంటకుండుటకు వేరు కారణములును కలవు గాని, ఇంత చిన్న భేదమునుండి ఇంత పెద్ద ఫలము కలుగుట ఈ విషయములోకెల్ల మనోహరమైన భాగము.

తరువాతి ఘట్టము క్లుప్తముగా. లేఖకుడు వ్రాసిన పొడవైన ఒకే నకలును కణపు మాంసకృత్తులు పలువిధముల కత్తిరించి 40కి పైగా రకముల పాఠములుగా చేయును. కత్తిరింపని నకలును గది దాటనీయకుండుట కణమునకు నియమము. వైరసుకు కత్తిరింపని నకలు కూడ కావలెను. అందుకొరకు రెవ్ అను దాని మాంసకృత్తి, ఎగుమతి పనిచేయు సి.ఆర్.ఎం.1 అను ఇంటి బంటును పట్టుకొని సరకు దాటించును. ఇచ్చటను చేయి ఇంటివారిదే.

ఇప్పుడు మిసిసిపీ బిడ్డ విషయమునకు మరలి వచ్చుట తగును. టి-కణములన్నియు నిత్యము యుద్ధములో ఉండవు. యుద్ధము ముగిసిన పిదప కొన్ని, ఆ శత్రువు జ్ఞాపకమును నిలుపుకొని, సంవత్సరముల తరబడి విశ్రమించును. అట్టి కణములో కప్పా బి బయట కట్టుబడి ఉండును; సైక్లిన్ టి1 అల్పముగా ఉండును; డి.ఎన్.ఏ. హిస్టోనులను ఉండలచుట్టు బిగువుగా చుట్టబడి ఉండును. ఇంటివారందరును నిద్రించుచుండగా వైరసు వ్రాతను చదువువారెవరు? వ్రాత యుండును, వైరసు ఉండదు. మాంసకృత్తి లేదు కనుక దేహరక్షకులు గుర్తింపలేరు. పని లేదు కనుక మందునకు చిక్కదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని పెద్దలనుమాట ఇచ్చట అక్షరాల చెల్లును. బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో రాబర్ట్ సిలిసియానో బృందము 1990ల చివర ఇట్టి కణములను లెక్కించినది. పది లక్షల విశ్రాంత కణములలో ఇంచుమించు ఒకటి. మందులు వాడుచుండగా వాని సంఖ్య సగమగుటకు సుమారు 44 నెలలు పట్టునని, పూర్తిగా తొలగుటకు 60 ఏండ్లకు పైగా కావలెనని 1999లో తేల్చిరి. ఆ బిడ్డకు మందు 30 గంటలకే మొదలైనను, అంతలోపలనే ఏదో ఒక కణములో కుట్టు పడియుండవలెను. 27వ నెలలో ఆ కణమును తట్టి లేపినది ఏదో చెప్పుటకు ఆధారము లేదు. టాట్ బిందువులు కొన్ని యాదృచ్ఛికముగా పోగైనను నిద్ర చెదరవచ్చునని 2005లో కాలిఫోర్నియాలో జరిగిన ప్రయోగములు సూచించినవి.

నిద్రించు దొంగను లేపి చంపుదమని కొందరు తలచిరి. హిస్టోనుల బిగువును సడలించు వొరినోస్టాట్ అను మందు ఒకవిధమైన కాన్సరుకు వాడుకలో ఉన్నది. 2012లో ఉత్తర కెరొలినాలో డేవిడ్ మార్గోలిస్ బృందము దానిని 8 మందికి ఇచ్చి చూడగా నిద్రించు కణములలో వైరసు నకళ్లు పెరిగినవి. లేపుట సాధ్యమేయని రుజువైనది. కాని లేచిన కణములు చావలేదు, దాగిన నిలువ తరుగలేదు. మరికొందరు ఇందుకు విపరీతముగా, దానిని ఎన్నటికి లేవకుండ జోకొట్టుటయే మేలని తలచుచున్నారు. జపాను శాస్త్రజ్ఞులు ఒక సముద్రపు స్పంజికనుండి 2006లో తీసిన కార్టిస్టాటిన్ అను ద్రవ్యమునకు దగ్గరి రూపమొకటి టాట్‌ను పట్టి బంధించునని ఫ్లారిడాలో సుసానా వాలెంటే బృందము కనుగొన్నది. అది ఇంకను ప్రయోగశాలలు దాటి రాలేదు.

సి.డి.కె.9ను, కప్పా బిని సూటిగా కొట్టరాదా యని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కాని అవి వైరసువి కావు, మనవి. వానిని కొట్టినచో కణము తన సొంత పాఠములు చదువుకొనలేదు. అందుకే నేడు ఆసుపత్రులలో ఇచ్చు మందులలో అధికభాగము వైరసు సొంత పనిముట్లను, అనగా వ్రాత మార్చు పనిముట్టును, కుట్టు వేయు పనిముట్టును అడ్డగించునవి. క్రొత్త కణములలో క్రొత్త కుట్టు పడకుండ అవి కాపాడును. పడిన కుట్టును విప్పలేవు. మందు ఆపిన చాలమందిలో కొద్ది వారములకే వైరసు తిరిగి లేచుటకు కారణమిది. భారత ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1 నుండి ఈ మందులను ఉచితముగా ఇచ్చుటకు ఆరంభించినది. తొలుత ఎన్నుకొన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు క్రమముగా సేవించి వైరసు పరీక్షకు అందనంతగా అణగియున్నవారినుండి దాంపత్యమున అది ఇతరులకు సోకదు. ఒంట్లో బాగుగా ఉన్నదికదా యని మాత్ర మానినవారి సంగతి మాత్రము మిసిసిపీ బిడ్డ సంగతియే. ఆ బిడ్డకు 2014లో మరల మందులు ప్రారంభింపగా వైరసు తగ్గుముఖము పట్టినది.

నూటికొక్కరికంటె తక్కువగా, ఏ మందును లేకయే వైరసును అణచి ఉంచుకొనువారు కొందరు కలరు. అట్టి 64 మంది కణములను పరీక్షించి మసాచుసెట్స్‌లోని రేగన్ సంస్థ శాస్త్రజ్ఞులు 2020లో ఫలితములు ప్రకటించిరి. వారిలో చెడని వైరసు వ్రాతలు ఉన్నవి గాని, చాలవరకు జన్యువులు లేని ఎడారి ప్రదేశములలో, బిగువుగా చుట్టబడిన మూలలలో ఉన్నవి. కణము నిత్యము చదువు పుటలలో చేరినవి ఏనాడో బయటపడి, దేహరక్షకుల చేతులలో ఆ కణములతోపాటే నశించియుండునని వారి యభిప్రాయము. మిగిలిన కాగితములు చిరుగలేదు, అక్షరములు చెరగలేదు. చదువువారు అటు పోవుటలేదు.